అమ్మానాన్నలతో మెదడుకు కసరత్తు: ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

అమ్మకు 69 ఏళ్ళు, నాన్నకు 74. ఇద్దరూ తమ పనులు తామే చేసుకుంటారు, లెక్కలూ పత్రాలూ వాళ్ళే చూసుకుంటారు. కానీ ఈమధ్య కొన్ని ఎక్కువయ్యాయి. తెలిసిన మనిషి పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. గదిలోకి వెళ్ళాక ఎందుకు వచ్చామో గుర్తుకు రాదు. పొద్దున అనుకున్న పని రాత్రి పడుకునేటప్పుడు తడుతుంది. వయసు మీద పడుతుంటే ఇవన్నీ మామూలే. అయినా మామూలే కదా అని ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో కూర్చుని చేయగలిగిన కసరత్తులతో ఎంతవరకు సాయపడగలనో చూద్దామని ఈ ప్రాజెక్టు పెట్టుకున్నాను. చేస్తున్నదంతా ఇక్కడ రాసుకుంటూ వెళ్తాను.

ఏం చేయాలో తేల్చుకోవడానికి ముందు బాగా చదివాను. నా ఆలోచనను ఒక దారిలో పెట్టింది అమెరికాలో 1998లో మొదలైన యాక్టివ్ అనే అధ్యయనం. 65 దాటిన సుమారు 2,800 మందిని అందులో నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు జ్ఞాపకం పెట్టుకునే మెళకువలు నేర్పారు. రెండో గుంపుకు తర్కం, అంటే ఒక వరస చూసి తర్వాత ఏం వస్తుందో కనిపెట్టడం లాంటివి నేర్పారు. మూడో గుంపు కంప్యూటర్ తెర మీద కనిపించి మాయమయ్యేవాటిని త్వరగా పట్టుకోవడం సాధన చేసింది. నాలుగో గుంపుకు శిక్షణ లేదు. ఐదారు వారాల్లో పది క్లాసులు, అంతే. 2002లో వచ్చిన ఫలితం సూటిగా ఉంది. ఎవరు ఏది సాధన చేస్తే అందులోనే మెరుగయ్యారు. తర్కం నేర్చుకున్నవాళ్ళకు జ్ఞాపకం పెరగలేదు, జ్ఞాపకం గుంపుకు వేగం పెరగలేదు. పదేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే తర్కం, వేగం గుంపుల్లో ఆ మెరుగు కొంత నిలిచే ఉంది, జ్ఞాపకం గుంపులో నిలవలేదు. అయితే రోజువారీ పనుల్లో ఇబ్బంది తక్కువగా ఉందని మూడు గుంపులవాళ్ళూ చెప్పారు.

దీన్నిబట్టి నేను పెట్టుకున్న సూత్రం ఒక్కటే: దేన్ని సాధన చేస్తే పదును దానికే వస్తుంది. సుడోకు రోజూ చేస్తే సుడోకు బాగా వస్తుంది, అది మంచి కాలక్షేపం కూడా. కానీ నాన్నకు కావలసింది ఎదురైన మనిషి పేరు, అమ్మకు కావలసింది అనుకున్న పని అనుకున్న వేళకు గుర్తుకు రావడం. అంచేత కసరత్తులు పుస్తకాల్లోంచి కాకుండా వాళ్ళ రోజులోంచే తయారు చేయాలి. ఆడితే చాలు మతిమరుపు రాదని చెప్పే యాప్‌ల జోలికి పోవడం లేదు. అలాంటి ప్రచారం చేసుకున్న ఒక బ్రెయిన్ ట్రైనింగ్ కంపెనీ 2016లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. చూపించడానికి తగిన ఆధారాలు లేకుండానే అలా చెప్పుకున్నారన్నది కమిషన్ అభియోగం.

మొదటి వారం: ఏవి జారిపోతున్నాయి

కసరత్తు ఇంకా మొదలుపెట్టలేదు. ఒక నోటుబుక్కు మధ్యలో పెట్టి, ఏదైనా మరిచిపోయినప్పుడు ఎవరికి వారే ఒక ముక్క రాయమన్నాను. ఏం మరిచారు, ఎప్పుడు, ఆ సమయంలో ఏం చేస్తున్నారు, అంతే. అమ్మ చకచకా రాసింది. నాన్న రెండు రోజులు ముట్టుకోలేదు. తర్వాత ఆయనే రాయడం మొదలుపెట్టారు, అదీ టైముతో సహా.

వారం చివర కూర్చుని చూస్తే అమ్మ రాసినవాటిలో చాలావరకు రెండు పనులు కలిసిన చోట జరిగినవి. ఫోను మాట్లాడుతూ ఏదో తీయబోయి మరిచిపోవడం, ఒకరితో మాట్లాడుతూ తాళం ఎక్కడో పెట్టేయడం. ఇది మరిచిపోవడం కాదు, అసలు మనసులోకి ఎక్కకపోవడం. తాళం పెట్టేటప్పుడు చూపు అక్కడ లేదు, ఇక గుర్తుకు రావడానికి ఏముంది?

నాన్న జాబితా వేరుగా ఉంది. పేర్లు సరే. వాటితో పాటు "నిన్న చెప్పారట, నాకు గుర్తు లేదు" అన్నవి చాలా ఉన్నాయి. అవన్నీ మాటల్లో చెప్పినవే. చదివినవి ఒక్కటీ లేదు. ఇది చూశాక కసరత్తుల కంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలనిపించింది.

డాక్టరు దగ్గర

ఈ ముక్క ఇలాంటి ప్రాజెక్టు పెట్టుకునే ప్రతి ఒక్కరూ చదవాలి. మతిమరుపు అనిపించేదానికి సరిచేయగలిగే కారణాలు చాలా ఉంటాయి. బి12 విటమిన్ తక్కువ కావడం, థైరాయిడ్, దిగులు, నిద్ర సరిగా లేకపోవడం, కొన్ని మందులు. ముఖ్యంగా నిద్రమాత్రలు, మగత తెప్పించే పాతరకం ఎలర్జీ మాత్రలు పెద్దవాళ్ళను మసకలో పెడతాయి. ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరు ముందు పరిచాం. నేను చీటీ రాసుకెళ్ళినా సంచే ఎక్కువ పనికొచ్చింది. ఎప్పుడో మానేయాల్సిన మాత్ర ఒకటి అందులో బయటపడింది.

తర్వాత చెవి. నాన్న రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడి ఉంది. తీసేశాక ఆయన బయటికొచ్చి మొదట అన్న మాట, "రోడ్డు మీద ఇంత చప్పుడు ఉంటుందా?" వినికిడి పరీక్ష కూడా చేయించాం. సన్నటి శబ్దాలు వినబడడం కొంత తగ్గిందని తేలింది, వినికిడి యంత్రం విషయం ఆలోచించమన్నారు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ డిమెన్షియాకు, అంటే ముదిరే మతిమరుపు జబ్బుకు, మనం మార్చుకోగలిగే కారణాలు 14 అని చెప్పింది. అన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యం కావచ్చని దాని అంచనా. ఆ జాబితాలో వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, ఒంటరితనం అన్నీ ఉన్నాయి. పజిల్ పుస్తకం కొనేముందు వీటిని చూసుకోవాలి. సగం వినబడిన మాటను అర్థం చేసుకోవడానికే మెదడు శక్తంతా పోతే, దాన్ని దాచుకోవడానికి ఏం మిగులుతుంది?

డాక్టరు ఇంకో సంగతి కూడా స్పష్టంగా చెప్పారు. అడిగిందే గంటలో మళ్ళీ మళ్ళీ అడగడం, రోజూ నడిచే దారిలో తప్పిపోవడం, అలవాటైన డబ్బు లెక్కలు చేయలేకపోవడం, స్వభావం మారిపోవడం. ఇవి కనబడితే ఇంట్లో కసరత్తులతో కాలం గడపకుండా వెంటనే రమ్మన్నారు. ఈ నాలుగూ నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టాను.

పెట్టె తయారీ

ఈ ప్రాజెక్టులో చేత్తో చేసే పని ఇదే, నాకు ఎంతో ఇష్టమైంది కూడా. బూట్ల పెట్టె ఒకటి తీసుకుని, అట్టముక్కలతో అడ్డం పెట్టి మూడు అరలు చేశాను. దళసరి తెల్లకాగితాన్ని అరచేతి సైజు కార్డులుగా కత్తిరించాను. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. ఈ పద్ధతిని 1970లలో ప్రచారంలోకి తెచ్చింది జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్. ఆయన పెట్టెలో అరలు ఎక్కువ ఉంటాయి. మూడైతే నాన్న అమ్మ నా సాయం లేకుండా నడుపుకోగలరు, అందుకని మూడే.

నడిపే తీరు ఇది. కొత్త కార్డు మొదటి అరలో ఉంటుంది, అది రోజూ చూడాలి. జవాబు చూడకుండా చెప్పగలిగితే రెండో అరలోకి వెళ్తుంది, అవి రెండు మూడు రోజులకోసారి. అక్కడా వస్తే మూడో అర, వారానికోసారి. ఎక్కడ రాకపోయినా మళ్ళీ మొదటి అరకే. దీని వెనక ఉన్న సంగతి పాతదే. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో రాశాడు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం తొలి గంటల్లోనే జారిపోతుంది, తర్వాత జారే వేగం తగ్గుతుంది. జారబోయే ముందు మళ్ళీ గుర్తు చేసుకుంటే ఈసారి ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుకే ఒకేరోజు పదిసార్లు వల్లె వేయడం కంటే రోజులు ఎడం ఇచ్చి తలచుకోవడం మేలు.

ఇంకొకటి. కార్డు తిప్పి చదవడం కసరత్తు కాదు. తిప్పే ముందు లోపలినుంచి లాగడమే కసరత్తు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులతో చేసిన ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళే ముందున్నారు. నాన్నకు ఇది చెబితే, "చదివితే వచ్చేసినట్టే ఉంటుంది, మూస్తే కదా తెలిసేది" అన్నారు. అప్పటినుంచి ఆయన తొందరపడి కార్డు తిప్పడం లేదు. కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఆ కూర్చోవడం ఎంతసేపైనా నేను అందించకూడదని అమ్మకూ నాకూ ఒప్పందం. తొలి అక్షరం అందించడం చివరి ప్రయత్నం.

అక్షరాలు పెద్దవిగా, నల్ల మార్కరుతో రాశాను. మెరిసే కాగితం మీద ట్యూబులైటు వెలుగు పడి అక్షరం కనబడడం లేదు, మెరుపు లేని కాగితమే వాడాలి. అంచులు గుండ్రంగా కత్తిరిస్తే వేళ్ళకు తేలిగ్గా దొరుకుతున్నాయి.

పేర్లు

నాన్న పార్కులో కలిసే మిత్రులు, అపార్ట్‌మెంటువాళ్ళు, దూరపు చుట్టాల పిల్లలు. ఫొటోలు దొరికినవి అంటించాం, దొరకనివాటికి మనిషి ఆనవాలు రాశాం. "తెల్లటోపీ, మోకాలికి పట్టీ, మనవరాలు టెన్నిస్ ఆడుతుంది" ఇలా.

పేరే ఎందుకు జారిపోతుంది? 1987లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని చక్కగా చూపించింది. ఒకే మాటను కొందరికి ఎదుటి మనిషి ఇంటిపేరని, కొందరికి ఆయన వృత్తి అని చెప్పారు. వృత్తిగా విన్నవాళ్ళకే ఎక్కువగా గుర్తుంది. వృత్తి అనగానే పని, బట్టలు, చోటు అన్నీ మనసులో మెదులుతాయి. పేరుకు అలాంటి కొక్కెం ఉండదు. కాబట్టి కొక్కెం మనమే తగిలించాలి. పద్మ అన్న పేరైతే ఆమె చెవి పక్కన తామరపువ్వు, భాస్కర్ అయితే ఆయన బట్టతల మీద ఎండ. నాన్నకు మొదట ఇది పిల్లచేష్టలా అనిపించింది. కానీ బొమ్మలు ఆయనే కల్పించుకోవడం మొదలుపెట్టాక పద్ధతి పట్టుబడింది. నేను చెప్పిన బొమ్మలు ఆయనకు నిలవవు, ఆయన కల్పించినవి నిలుస్తాయి. ఇది రాసి పెట్టుకోవలసిన సంగతి.

కొత్తగా పరిచయమైనవాళ్ళకు మరో పద్ధతి. పేరు వినగానే పైకి ఒకసారి అనడం, నిమిషం తర్వాత మనసులో ఒకసారి, ఐదు నిమిషాలకు ఒకసారి, ఇంటికి వచ్చాక ఇంకోసారి. ఇలా ఎడం పెంచుకుంటూ పోవడం పేర్ల విషయంలో పనిచేస్తుందని 1978లోనే లాండావర్, బ్యోర్క్ అనే పరిశోధకులు చూపించారు. మొన్న పార్కునుంచి వస్తూనే నాన్న గుమ్మంలో చెప్పులు విప్పకుండానే ఒక పేరు చెప్పారు.

"ఎవరు నాన్నా?"

"కొత్తగా వస్తున్నాడమ్మా. మూడుసార్లు తలచుకున్నాను. నాలుగోది నీ దగ్గర."

ఆ పేరుకు కార్డు ఆయనే రాసుకున్నారు.

పొద్దున పూట, పరీక్ష అనే మాట లేకుండా

సాయంత్రం పెట్టుకున్న కూర్చోవడాన్ని పొద్దుటికి మార్చాం. పెద్దవాళ్ళ ధారణ పొద్దున మెరుగ్గా ఉంటుందని, సాయంత్రానికి కుర్రవాళ్ళతో తేడా పెరుగుతుందని 1993లో సింథియా మే, లిన్ హ్యాషర్‌ల పరిశోధక బృందం చూపించింది. మా ఇంట్లోనూ పొద్దున కార్డులు చకచకా సాగుతున్నాయి.

ఇంకో మార్పు మాటల్లో. "టెస్ట్", "స్కోర్" అన్న మాటలు తీసేశాను. ఇది జ్ఞాపకశక్తికి పరీక్ష అని ముందే చెబితే పెద్దవాళ్ళ ఫలితం తగ్గుతుందని, ఆ మాట లేకుండా అదే పని ఇస్తే బాగా చేస్తారని పరిశోధనల్లో కనిపించింది. నాన్న ముఖంలోనే ఆ టెన్షన్ కనబడేది. ఇప్పుడు "కూర్చుందామా" అంటాను, అంతే.

చేయవలసిన పనులు

ఇది అమ్మ విభాగం. జరిగినది గుర్తుండడం ఒకటి, జరగవలసినది వేళకు గుర్తుకు రావడం మరొకటి. రెండోదానికి బాగా పనికొచ్చే మెళకువ జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ చెప్పింది. "మాత్ర వేసుకోవాలి" అని అనుకోవడం కాదు, "పళ్ళు తోముకుని బ్రష్ స్టాండులో పెట్టగానే మాత్ర డబ్బా తెరుస్తాను" అని అనుకోవాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏది జరిగాక అన్నది పనికి ముడిపడాలి. ముడి ఎంత కచ్చితంగా ఉంటే అంత మేలు. "రాత్రి పడుకునే ముందు" అన్నది పనిచేయలేదు, "దుప్పటి దులపగానే" అన్నది పనిచేసింది.

అమ్మ రాత్రిపూట రేపటి పనులు మూడు ఎంచుకుని ఇలాంటి వాక్యాలు పైకి చెప్పుకుంటుంది, చెబుతూ ఆ చోటు కళ్ళముందు చూసుకుంటుంది. మందుల విషయం మాత్రం జ్ఞాపకానికి వదలలేదు. వారానికి సరిపడా గళ్ళ డబ్బా, ఫోన్లో అలారం రెండూ ఉన్నాయి. తప్పితే ప్రమాదమైన చోట కసరత్తు చేయకూడదు. మందులు, గ్యాస్, తాళాలు, వీటికి ఎప్పుడూ సాయం పెట్టుకోవాలి.

తాళాల గురించి ఒక ముక్క. పెట్టేటప్పుడు "తాళం మేకుకు పెడుతున్నాను" అని పైకి అనడం అమ్మ మొదలుపెట్టింది. ఆ ఒక్క మాటతో చూపు చేతి దగ్గరకు వస్తుంది. నోటుబుక్కులో తాళాల ఫిర్యాదులు బాగా తగ్గాయి.

గదుల వెంట జాబితా

కాగితం లేకుండా పది పనుల జాబితా పట్టుకోవడం. గ్రీకు కవి సిమోనిడీస్ పేరుతో చెప్పుకునే పద్ధతి ఇది. విందు జరుగుతున్న భవనం కూలిపోతే ఎవరు ఎక్కడ కూర్చున్నారో తలచుకుని ఆయన చనిపోయినవాళ్ళను గుర్తుపట్టాడని రోమన్ వక్త సిసిరో రాశాడు. చోటుకు ముడిపెడితే విషయం నిలుస్తుందన్నది అందులో సారం.

మా ఇంటి దారి: గేటు, మెట్లు, గుమ్మం, సోఫా, టీవీ, అద్దం, బీరువా, మంచం, కిటికీ, పెరటి తలుపు. ఈ దారి నాన్నకు కళ్ళు మూసుకున్నా తెలుసు, కాబట్టి నేర్చుకోవలసింది లేదు. ఇక పనులను ఒక్కో చోట కూర్చోబెట్టాలి. కరెంటు బిల్లు కట్టాలి అంటే గేటు పట్టుకోగానే షాక్ కొట్టినట్టు. కళ్ళద్దాలు బాగు చేయించాలి అంటే మెట్ల మీద పెద్ద అద్దాలు అడ్డంగా పడి ఉన్నట్టు. చెల్లెలికి ఫోన్ చేయాలి అంటే గుమ్మానికి తోరణంలా ఫోన్లు వేలాడుతున్నట్టు. బొమ్మ ఎంత వింతగా ఉంటే అంత గట్టిగా పట్టుకుంటుంది.

నాన్న మొదటిసారి పది చెప్పినప్పుడు వరసలో చెప్పారు. తర్వాత వెనకనుంచి చెప్పమన్నాను. పెరటి తలుపు నుంచి గేటుదాకా నడిచి వచ్చినట్టు ఒక్కోటీ చెబుతూ వచ్చారు, అద్దం దగ్గర మాత్రం ఆగారు. "ఇక్కడ ఏం పెట్టానో కనబడడం లేదు" అన్నారు. మరిచిపోయాను అనలేదు, కనబడడం లేదు అన్నారు. నాకు అది చాలా నచ్చింది. ఆ చోట పెట్టింది బ్యాంకు పని, దానికి ఆయన బొమ్మ కల్పించలేదు, మాటగా మాత్రమే పెట్టారు. అద్దంలో తన ముఖానికి బదులు పాస్‌బుక్కు మీది ఫొటో కనిపిస్తున్నట్టు మార్చుకున్నాక అది మళ్ళీ జారలేదు.

అమ్మకు ఈ పద్ధతి పట్టలేదు. పనుల్ని కథగా అల్లుకోవడం ఆమెకు తేలిక. ఆమెను గదుల్లో తిప్పాలని నేను పట్టుబట్టలేదు.

అక్షరాలతో

ఇది ముగ్గురం ఆడేది. ఒక అక్షరం గుణింతం తీసుకుని వరసగా ఒక్కో మాట చెప్పాలి. మకారంతో మా వరస: మట్టి, మాట, మిణుగురు, మీసం, ముడి, మూట, మెట్టు, మేకు, మైనం, మొగ్గ, మోత, మౌనం. చెప్పింది రెండోసారి రాకూడదు. తేలికైపోగానే షరతు పెంచుతాం. ఇంట్లో కనబడే వస్తువులే, లేదా మూడక్షరాల మాటలే. మాటను వెనక్కి చెప్పడం ఇంకో రకం. కిటికీ అంటే కీటికి, పలక అంటే కలప. నాలుగైదక్షరాలకు వచ్చేసరికి మాటను మనసులో పట్టుకుని తిప్పాలి, పట్టు సడలితే అక్షరాలు చెదిరిపోతాయి. పట్టుకుని పనిచేయించే ఈ శక్తే వయసుతో తగ్గేది. మాటల నిధి అంత తేలిగ్గా తగ్గదు. మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ కాటెల్ చేసిన విభజన ఇదే: అప్పటికప్పుడు ఆలోచించే తెలివి ఒకటి, ఏళ్ళుగా పోగుపడిన తెలివి ఒకటి. నిమిషంలో గుర్తొచ్చినన్ని మాటలు చెప్పే ఆటలో అమ్మ నన్ను తరచూ ఓడిస్తుంది. అది చూస్తే నాకు ఎంత సంతోషమో!

నడుస్తూ

నడక పక్కన పెట్టి మెదడు కసరత్తు మాట్లాడలేం. 2011లో ఎరిక్సన్ బృందం 120 మంది పెద్దవాళ్ళతో చేసిన అధ్యయనంలో, ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచినవాళ్ళకు మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం సుమారు 2 శాతం పెరిగింది. సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ళకు తగ్గింది. కొత్త జ్ఞాపకాలు ఏర్పడేందుకు హిప్పోక్యాంపస్ కావాలి.

నడుస్తూ లెక్కలు చేయడం మొదలుపెట్టాం. వందలోంచి ఏడేడు తీసేస్తూ పోవడం: 93, 86, 79, 72. నాన్నకు ఇది నోటికి వచ్చేసింది, అంచేత ఇప్పుడు 200లోంచి పదమూడేసి. అయితే దీనికి ఒక జాగ్రత్త ఉంది. మాట్లాడడానికి నడక ఆపేసే పెద్దవాళ్ళు పడిపోయే అవకాశం ఎక్కువని 1997లో స్వీడన్ పరిశోధకులు గమనించారు. లెక్క మొదలుపెట్టగానే నాన్న అడుగు చిన్నదవుతుంది, అది నా కళ్ళతో చూశాను. అందుకని చదునైన చోటే, నేను పక్కన ఉన్నప్పుడే. రోడ్డు దాటేటప్పుడు లెక్క ఉండదు, మాట కూడా ఉండదు.

అమ్మ కీబోర్డు

కొత్త విద్య నేర్చుకోవడం మీద డెనీజ్ పార్క్ బృందం 2014లో రాసిన అధ్యయనం ఉంది. 60 నుంచి 90 ఏళ్ళవాళ్ళు మూడు నెలలు, వారానికి సగటున పదహారు గంటలకు పైగా, డిజిటల్ ఫొటోగ్రఫీ గానీ బొంతలు కుట్టడం గానీ, రెండూ గానీ నేర్చుకున్నారు. కబుర్లతో సరదాగా గడిపిన గుంపు కంటే, ఇంట్లో తెలిసిన పనులే చేసిన గుంపు కంటే వీళ్ళ జ్ఞాపకశక్తి మెరుగైంది. కొత్తదై ఉండాలి, కష్టంగా ఉండాలి, కొంతకాలం విడవకుండా సాగాలి.

అమ్మ కీబోర్డు ఎంచుకుంది. ఎడమచేయి తాళం పట్టుకుంటే కుడిచేయి పాట వాయించాలి. మొదట ఏ చేతికి ఆ చేయి బాగానే వచ్చింది. రెండూ కలపగానే ఎడమచేయి కుడిచేతి వెంట పరుగెత్తేది. అమ్మ దాన్ని తానే విడగొట్టుకుంది. ఎడమచేతి తాళం వేస్తూ పాటను నోటితో పాడడం, అది కుదిరాక కుడిచేత్తో ఒక్క స్వరం, తర్వాత రెండు. ఇప్పుడు చిన్న పల్లవి నెమ్మదిగా రెండు చేతులతో వస్తోంది. అలిసిపోతుంది, నిజంగానే. అరగంట తర్వాత లేచేసి "ఇక చాలు, తల వేడెక్కింది" అంటుంది. మళ్ళీ మర్నాడు తానే కూర్చుంటుంది.

మూడు నెలల తర్వాత

మెరుగైందో లేదో తెలుసుకోవడం కష్టమైన పని. ఒకే జాబితా మళ్ళీ మళ్ళీ అడిగితే అలవాటుతోనే అంకెలు పెరుగుతాయి. అందుకే ప్రతిసారీ కొత్త అక్షరం, కొత్త జాబితా. అసలు కొలత నోటుబుక్కే అనుకుంటున్నాను. పెట్టెలో ఉన్న పేర్లలో మూడో అరకు చేరినవి నాన్నకు పార్కులో దొరుకుతున్నాయి. పెట్టెలో లేని పేర్లు ఎప్పటిలాగే తడబడుతున్నాయి. యాక్టివ్ అధ్యయనం చెప్పిందే ఇంట్లో కనబడుతోంది, నాకు ఇందులో నిరాశ లేదు. ఏది కావాలో అది పెట్టెలో వేయాలి, అంతే. అమ్మ మరిచిపోయే పనులు తగ్గాయి, రెండు పనులు కలిసినప్పుడు మాత్రం ఇంకా జారుతున్నాయి. నాన్న "నిన్న చెప్పారట" అని రాయడం దాదాపు మానేశారు. అందులో కసరత్తు భాగం ఎంతో, చెవి శుభ్రం చేయించిన భాగం ఎంతో విడదీయలేను. నా అంచనాలో చెవిదే ఎక్కువ.

ఇక చేయవలసినవి. వినికిడి యంత్రం ఒకటి తెచ్చి వాడి చూస్తున్నాం. సంతలాంటి రద్దీలో నాన్నకు అది చికాకుగా ఉంది, కాబట్టి ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు మొదలుపెట్టి గంటలు పెంచుకుంటూ పోతాం. మూడో అరలో చాలాకాలంగా తప్పని కార్డులను నెలకోసారి చూసేందుకు నాలుగో అర పెట్టాలి, పెట్టెలో చోటుంది. నాన్న ఒక కోరిక కోరారు. చుట్టాల పిల్లల పేర్లతో పాటు వాళ్ళేం చదువుతున్నారో కూడా కార్డు వెనక రాయమన్నారు. ఫోన్ చేసినప్పుడు పేరొక్కటే తెలిస్తే మాట సాగడం లేదట. ఆ వివరాలు నేను రాయను, ఒక్కొక్కరికీ ఆయనే ఫోన్ చేసి కనుక్కుని రాసుకుంటారు. ఈ వారం నలుగురికి చేస్తానన్నారు.